చివరి కొళాయి దగ్గర మొదలుపెట్టాలి: విశాఖలో పౌర సేవల సమీక్ష చేసే పద్ధతి

మన కార్యాలయాల్లో సమీక్ష అనగానే గుర్తొచ్చేది సమావేశం. అర్జీలు ఎన్ని వచ్చాయి, ఎన్ని పెండింగ్‌లో ఉన్నాయి, ఎప్పటికి పూర్తి చేస్తారు అంటూ గంటన్నరలో ముగిసిపోతుంది. అదీ కావలసిందే. ఇక్కడ చెప్పబోయేది మాత్రం వేరే పని. తాగునీరో, ఇంటింటి చెత్త సేకరణో, వీధి దీపాలో, ఏదో ఒక్క సేవను తీసుకుని అది ఇంటి గుమ్మం దాకా చేరుతోందా, ఎవరికి చేరడం లేదు, ఎందుకు చేరడం లేదు, చేర్చడానికి ఎంత ఖర్చవుతోంది అని రెండు నెలలు తిరిగి, కొలిచి తేల్చడం. జోనల్ కార్యాలయాల్లోనూ వార్డు సచివాలయాల్లోనూ పనిచేసేవారికి, కాలనీ సంక్షేమ సంఘాల వారికి పనికొచ్చేలా ఈ పద్ధతి రాశాం.

ముందుగా ఒక్క మాట మనసులో పెట్టుకోవాలి. మన రిజిస్టర్లన్నీ పని జరిగిందా లేదా అన్నదే చెబుతాయి. పంపు ఇన్ని గంటలు నడిచింది, బండి ఇన్ని ట్రిప్పులు వేసింది, దీపం మార్చారు. సేవ అందిందా లేదా అన్నది ఆ రిజిస్టర్లలో ఉండదు, అవతలి కొసన ఉంటుంది. పైపులైను చివరి ఇంట్లో, కొండవాలు మెట్ల పై వరసలో, విలీన గ్రామం ఆఖరి వీధిలో. కొలత అక్కడ మొదలై పంపుహౌస్ వైపు రావాలి. పంపుహౌస్‌లో మొదలుపెట్టిన సమీక్షలు సాధారణంగా పంపుహౌస్ దగ్గరే ఆగిపోతాయి.

ప్రశ్నను కుదించండి

"విశాఖలో తాగునీటి సరఫరా ఎలా ఉంది?" అనేది సమీక్షకు పనికొచ్చే ప్రశ్న కాదు. నగరంలో 98 వార్డులున్నాయి. రైవాడ, తాటిపూడి, మేఘాద్రి గెడ్డ, ఏలేరు కాలువ ఇలా నీరు వచ్చే దారులే అనేకం. వీటన్నిటినీ కలిపి సగటు తీస్తే ఎవరి ఇంటి సంగతీ అందులో కనబడదు. "ఫలానా ట్యాంకు కింద ఉన్న మూడు వార్డుల్లో లైను చివరి ఇళ్లకు మనిషికి రోజుకు ఎన్ని లీటర్లు అందుతున్నాయి? ఆ నీటిలో క్లోరిన్ మిగిలి ఉంటోందా?" అనేంత వరకు కుదించాలి.

దేనితో పోల్చాలన్న చిక్కు లేదు. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2008లోనే సేవా ప్రమాణాల పుస్తకం ఇచ్చింది. తాగునీరు, మురుగునీరు, ఘన వ్యర్థాలు, వాననీటి కాలువలు, ఈ నాలుగింటికీ కలిపి 28 సూచికలున్నాయి. తాగునీటికి మనిషికి రోజుకు 135 లీటర్లు, బిల్లు లెక్కలోకి రాని నీరు 20 శాతానికి మించకూడదు, ఫిర్యాదుల్లో 80 శాతం నిర్ణీత గడువులో తీరాలి. చెత్తకైతే ఇంటింటి సేకరణ 100 శాతం, తడి పొడి వేరు చేయడం కూడా 100 శాతం. ఆ పుస్తకంలో చాలామంది దాటేసి పోయే భాగం మరొకటుంది. ప్రతి అంకె పక్కనా అది ఎంత నమ్మదగినదో ఏ, బీ, సీ, డీ అని గ్రేడు వేయమంటుంది. మీటరుతో కొలిచినదైతే పై గ్రేడు, అంచనా అయితే అడుగు గ్రేడు. మీ నివేదికలో ప్రతి అంకెకూ ఈ గ్రేడు వేయండి. ఏ అంకె మీద పట్టుబట్టవచ్చో, ఏది ఊహో చదివేవారికి వెంటనే తెలుస్తుంది.

తర్వాత ఒక్క పేజీ రాసుకోవాలి. ప్రశ్న, హద్దులు, ఏవి చూడబోవడం లేదు, ఎప్పటికి పూర్తవుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, దీనివల్ల ఏ నిర్ణయం మారవచ్చు అన్నది. బండ్ల కాంట్రాక్టు పునరుద్ధరణ రాబోతోందా? పాత పైపులైను మార్చాలా వద్దా అన్నది తేల్చాలా? ఆ గడి ఖాళీగా ఉంటే సమీక్ష మొదలుపెట్టకండి. నిర్ణయంతో ముడిపడని నివేదిక బీరువాలోకే పోతుంది, రెండు నెలల పాటు జనం చెప్పిన మాటలూ దానితో పాటే పోతాయి.

ఎవరు, ఎప్పుడు

జట్టులో ఐదుగురు చాలు. పెద్దగా ఉండేవారు ఆ విభాగం మనిషి కాకూడదు. వేరే జోన్‌లో పనిచేసే ఇంజనీరు, ఒక అకౌంట్స్ మనిషి, ఆ వార్డు సచివాలయం నుంచి ఒక కార్యదర్శి, మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) తరఫున పొదుపు సంఘాలను చూసే ఆర్‌పీ (రిసోర్స్ పర్సన్) ఒకరు, అంకెలు ఎక్కించడం తెలిసినవారొకరు. ఆర్‌పీని కచ్చితంగా పెట్టుకోండి. ఏ ఇంట్లో ఎవరుంటారో, ఏ వేళకు తలుపు తీస్తారో ఆవిడకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అయితే తనకు అప్పగించిన సంఘాల ఇళ్లకు ఆవిడను సర్వేకి పంపకూడదు. మొహమాటానికి జవాబులు మారిపోతాయి.

కాలం విషయంలో విశాఖకు సొంత లెక్క ఉంది. తాగునీటిని ఏప్రిల్, మే నెలల్లో చూడాలి. ఆగస్టులో చూస్తే అన్నీ బాగానే ఉన్నట్టు కనిపిస్తాయి. గెడ్డలు, వాననీటి కాలువల పూడికతీతను నైరుతి వానలు మొదలయ్యే ముందే, అంటే మే నెలాఖరులోగా ఒకసారి, అక్టోబరు, నవంబరు తుపాన్ల తర్వాత మళ్లీ ఒకసారి చూడాలి. చెత్త సేకరణకు ఏ నెలైనా ఫరవాలేదు, కానీ పండగ వారాన్ని కలపకండి. నిధులు అడగాల్సి వచ్చే సమీక్షను డిసెంబరులోపు ముగించాలి. ఏప్రిల్ 1న మొదలయ్యే బడ్జెట్‌లో ప్రతిపాదన చేరాలంటే అంతకు మించి ఆలస్యం పనికిరాదు.

ఎనిమిది వారాలను ఇలా పంచుకోవచ్చు. మొదటి వారం ప్రశ్న, జట్టు. రెండో వారం కాగితాలు. మూడు, నాలుగు, ఐదు వారాలు వీధుల్లో. ఆరో వారం ఫిర్యాదుదారులకు ఫోన్లు, సిబ్బందితో మాటలు. ఏడో వారం లెక్కలు, విభాగానికి ముసాయిదా చూపించడం. ఎనిమిదో వారం నివేదిక. ఎక్కడైనా కోత పెట్టాల్సి వస్తే వీధుల్లో తిరిగే వారాలకు మాత్రం పెట్టకండి.

కాగితాలు

చెత్త సేకరణ అయితే మస్టరు (హాజరు పట్టిక), బండ్ల లాగ్‌బుక్కు, జీపీఎస్ నివేదిక, డీజిల్ బిల్లులు, తూకపు చీటీలు, ఒక్కో బండికి అప్పగించిన ఇళ్ల జాబితా అడగాలి. నీళ్లయితే పంపుహౌస్ లాగ్‌బుక్కు, ట్యాంకు మట్టం రాసే పుస్తకం, వాల్వు ఆపరేటర్ వేళల పట్టిక, నీటి పరీక్షల రిజిస్టరు. మూడు నెలలవి చాలు. రెండేళ్లవి అడిగితే రెండు వారాలు కాపీలు తీయడంతోనే సరిపోతుంది.

ఫిర్యాదుల జాబితాను మాత్రం ఎక్సెల్ ఫైలుగానే తీసుకోండి. ప్రింటు తీసిన పట్టికతో తేదీల మధ్య తేడా లెక్కగట్టడం చేతులారా తెచ్చుకునే కష్టం. బయటి సంఘాల వారు సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు, 30 రోజుల్లో ఇవ్వాలి. కాబట్టి వారు సమీక్ష తలపెట్టిన రోజునే దరఖాస్తు పెట్టుకోవాలి. "తాగునీటి వివరాలు ఇవ్వండి" అని రాస్తే ఉపయోగం లేదు. "ఫలానా ట్యాంకు కింద మార్చి 1 నుంచి మే 31 వరకు రోజువారీ సరఫరా మొదలైన వేళ, ముగిసిన వేళ నమోదు చేసిన రిజిస్టరు నకలు" అని అడగాలి.

ఈ నగరం ఒక్కసారిగా ఇంతైనది కాదు. 2005లో గాజువాక మునిసిపాలిటీ, 32 గ్రామాలు కలిశాయి. 2013లో భీమిలి, అనకాపల్లి చేరాయి. పాత పంచాయతీల పైపులు, బోర్లు, దీప స్తంభాలు నగర రికార్డుల్లోకి ఒక్కోచోట ఒక్కోలా ఎక్కాయి. విలీన ప్రాంతంలో పనిచేసేటప్పుడు మ్యాపులో ఉన్న లైను నేలలో ఉందనీ, మ్యాపులో లేనిది నేలలోనూ లేదనీ అనుకోవద్దు. ఆ ఊళ్లో ఏళ్ల తరబడి వాల్వు తిప్పిన మనిషిని వెంటబెట్టుకుని ఒక పూట నడవండి. మ్యాపు దిద్దుకున్నాకే ఇళ్ల ఎంపికకు వెళ్లండి.

ఇళ్లను ఎంచుకోవడం

చాలా సమీక్షలు చెడేది ఇక్కడే. సూపర్‌వైజరు చూపించిన వీధుల్లో తిరిగితే ఫలితం ముందే తెలిసిపోతుంది. రేపు ఫలానా వీధికి వస్తున్నామని ముందు రోజు చెబితే తెల్లారేసరికి ఆ వీధి అద్దంలా ఉంటుంది. అందుకే వీధుల చీటీలు కవర్లలో పెట్టి అంటించి, బయలుదేరే ఉదయమే విప్పాలి.

ఎన్ని ఇళ్లు చూడాలన్నదానికి లెక్క ఉంది. 60 ఇళ్లు అడిగితే వచ్చిన శాతం అటూ ఇటూ 13 వరకు ఊగవచ్చు. 100 ఇళ్లయితే 10, 400 అయితే 5. మూడు వార్డులకు కలిపి 400 ఇళ్లు పెట్టుకుంటే చెప్పిన మాట నిలబడుతుంది. ఆ 400 ఇళ్లూ 20 వీధుల్లోనే తీసుకుంటే మాత్రం లాభం లేదు. ఒకే వీధిలో అందరికీ వచ్చేది ఒకే బండి, జవాబులన్నీ ఒకేలా ఉంటాయి, 400 మందిని అడిగినా 20 మందిని అడిగినట్టే. వీధికి 5 ఇళ్లకు మించకుండా 80 వీధులు తీసుకోండి.

వీధులను నాలుగు రకాలుగా విడదీయాలి. మెయిన్ రోడ్డు పక్క కాలనీలు, అపార్టుమెంట్లు, కొండవాలు బస్తీలు, విలీన గ్రామాలు. ఒక్కో రకం నుంచి 20 చొప్పున తీయండి. మొత్తం వార్డులకు ఒకే శాతం చెప్పాల్సి వస్తే ఒక్కో రకంలో ఉన్న ఇళ్ల సంఖ్యను బట్టి విలువ కట్టి కలపాలి, ఉత్త సగటు తీయకూడదు. ఆరిలోవ, కంచరపాలెం, మాధవధార వైపు కొండవాలు ఇళ్లను "బండి వెళ్లదు కాబట్టి" అని జాబితాలోంచి తీసేయడం మామూలుగా జరుగుతుంటుంది. బండి వెళ్లని చోట సేవ ఎలా అందుతోంది అన్నదే అసలు ప్రశ్న కాబట్టి వాటిని వదలకూడదు.

వీధిలో ఇళ్లను చివరి నుంచి లెక్కపెట్టండి, మొదటి నుంచి కాదు. చీటీ తీసి వచ్చిన అంకెతో మొదలుపెట్టి ప్రతి ఏడో ఇల్లు. తాళం వేసి ఉంటే అదే రోజు సాయంత్రం 7 తర్వాత మళ్లీ వెళ్లాలి. అప్పుడూ లేకపోతే పక్కింటికి వెళ్లి, ఆ మార్పును కాగితం మీద రాయాలి. తాళం వేసిన ఇళ్లను వదిలేస్తూ పోతే భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇళ్లన్నీ జారిపోతాయి. ఉదయం 8 గంటలకు బండి వస్తే చెత్త ఇవ్వలేకపోయేది సరిగ్గా ఆ ఇళ్లవాళ్లే.

అడిగే తీరు

"సేవ ఎలా ఉందండీ?" అని అడిగితే మన దగ్గర వచ్చే జవాబు ఒక్కటే: "పర్లేదండి." వారం రోజులు నీళ్లు రాకపోయినా పర్లేదండే, రోజూ వచ్చినా పర్లేదండే. తృప్తి అడగకండి, నిన్న ఏం జరిగిందో అడగండి. "నిన్న చెత్త బండి వచ్చిందా? ఎన్నింటికి? మీరు చెత్త వేయగలిగారా? వేయలేకపోతే తర్వాత దాన్ని ఏం చేశారు? పోయిన వారంలో ఎన్ని రోజులు వచ్చింది?" నిన్నటి సంగతి ఎవరైనా చెప్పగలరు, పైగా దాన్ని జీపీఎస్‌తో సరిపోల్చుకోవచ్చు.

ప్రశ్నలు పన్నెండుకు మించకూడదు. డబ్బు ఇవ్వాల్సి వచ్చిందా అన్న ప్రశ్న చివరన, చుట్టుపక్కల వాళ్లు లేనప్పుడు అడగాలి, పేరు రాసుకోకూడదు. నీళ్ల సంగతి ఇంట్లో నీళ్లు పట్టే మనిషిని అడగండి. వీధి అరుగు మీద కూర్చున్న పెద్దాయన మర్యాదగా అన్నిటికీ జవాబిస్తాడు, కానీ కొళాయి ఎన్నింటికి వస్తుందో లోపలున్న కోడలికి తెలుస్తుంది.

కొళాయి దగ్గర కొలత

నీటి సరఫరాకు ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. బిందె, ఫోన్లో స్టాప్‌వాచ్, క్లోరిన్ పరీక్ష పెట్టె, నోటుపుస్తకం చాలు. ముందు రోజే కొలత జగ్గుతో బిందెను నింపి 15 లీటర్ల దగ్గర పెయింటుతో గీత పెట్టుకోండి. 15 లీటర్ల బిందె అని కొన్నవన్నీ 15 పట్టవు.

నీళ్లు వదిలే వేళకు పావుగంట ముందే లైను చివరి ఇంటికి చేరాలి. మొదటి చుక్క పడిన వేళ రాయండి. కొళాయి పూర్తిగా తిప్పి, గీత దాకా నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. మొదలైన ఐదు నిమిషాలకు ఒకసారి, నడుమ ఒకసారి, ఆగిపోయే ముందు ఒకసారి. మూడింటికీ వేర్వేరుగా నిమిషానికి లీటర్లు కట్టి సగటు తీయాలి, ఎందుకంటే ఒత్తిడి ఒకేలా ఉండదు. ఆగిపోయిన వేళ కూడా రాయండి. ఉదాహరణకు బిందె సగటున 90 సెకన్లలో నిండితే నిమిషానికి 10 లీటర్లు. సరఫరా 45 నిమిషాలు ఉంటే 450 లీటర్లు. ఇంట్లో ఐదుగురుంటే మనిషికి 90. ప్రమాణం 135. అదే ఐదుగురికి 135 చొప్పున అందాలంటే ఆ ధారతో 67 నిమిషాలకు పైగా నీళ్లు రావాలి. ఈ లెక్క వేయగానే సమస్య ఒత్తిడిదా, వేళదా అన్న ఆలోచనకు దారి దొరుకుతుంది.

ఎగువ ఇళ్లవాళ్లు లైనుకు నేరుగా మోటారు బిగించి లాగుతుంటే చివరి ఇంట్లో ధార సన్నబడుతుంది. దీన్ని పట్టుకోవడానికి జట్టులో ఒకరు వీధి మొదట్లోనూ ఒకరు చివరనా అదే నిమిషంలో కొలవాలి. మొదట్లో ధార బలంగా ఉండి, చివరన మాత్రం నడుమ కొలతలో ఒక్కసారిగా పడిపోతే మోటార్లను అనుమానించాలి. రెండు చోట్లా మొదటి నుంచీ సన్నగానే ఉంటే ట్యాంకు మట్టమో, సగం తెరిచిన వాల్వో, పూడుకుపోయిన పాత పైపో. మోటార్లకు మందు వేరు, పైపుకు మందు వేరు. ఈ తేడా తేల్చకుండా "ఒత్తిడి తక్కువ" అని రాసి వదిలేస్తే ఆ మాటతో ఇంజనీరు చేయగలిగింది ఏమీ లేదు.

క్లోరిన్‌కు రెండు నమూనాలు తీయండి. మొదటి నీళ్లు ఒకటి, ఐదు నిమిషాలు పోయాక ఒకటి. రోజులో ఎక్కువ సేపు పైపు ఖాళీగా ఉండే చోట బయటి మురుగు చీలికల్లోంచి లోపలికి లాగుకుంటుంది, అది మొదటి నీళ్లలోనే బయటపడుతుంది. గొట్టంలో గుర్తున్నంత వరకు నీళ్లు పోసి, పెట్టెలో ఉన్న ద్రావణం చుక్కలు వేసి కలిపితే క్లోరిన్ ఉంటే పసుపు రంగు తిరుగుతుంది. రంగును పక్కనున్న పట్టీతో పగటి వెలుగులో, నీడపట్టున పోల్చాలి. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలని తాగునీటి జాతీయ ప్రమాణం చెబుతోంది. అసలు రంగే రాకపోతే ద్రావణం గడువు తీరిందేమో ముందు చూడండి, ట్యాంకు దగ్గర నీటితో ఒకసారి పరీక్షించి నిర్ధారించుకోండి. ఆ తర్వాత కూడా చివరి కొళాయిలో రంగు రాకపోతే నివేదిక కోసం ఎనిమిదో వారం దాకా ఆగకూడదు. ఆ గంటలోనే ఇంజనీరుకూ ఆరోగ్య విభాగానికీ ఫోన్ చేయాలి, ఆ ఇంటివారికి నీళ్లు మరగకాచి తాగమని చెప్పాలి.

బండి వెనక ఒక రోజు

చెత్త సేకరణకు ఒక్కో రకం ప్రాంతంలో కనీసం రెండు బండ్లను పొద్దున షెడ్డు దగ్గర నుంచి చివరి ట్రిప్పు దాకా వెంబడించాలి. వీధి పేరు, చేరిన వేళ, వదిలిన వేళ, తలుపు తీసిన ఇళ్లు, చెత్త ఇచ్చిన ఇళ్లు, వేరు చేసి ఇచ్చిన ఇళ్లు. జీపీఎస్ బండి వీధిలోంచి పోయిందని చెబుతుంది, ఆగిందో లేదో చెప్పదు. పాట మోగుతూ బండి నిమిషంలో సందు దాటిపోతే మూడో అంతస్తులో ఉన్నావిడ కిందికి దిగేసరికి మలుపు తిరిగి ఉంటుంది. సందుకు ఎన్ని సెకన్లు ఆగుతోందన్నది పట్టికలో తప్పక ఉండాలి.

కొండవాలులో లెక్క వేరు. బండి మెట్ల మొదట్లో ఆగుతుంది. పైకి బుట్టతో ఎక్కే కార్మికులు ఎంతమంది, ఒక్కో దఫా ఎన్ని ఇళ్లు చూస్తున్నారు, ఎన్నో మెట్టు దాకా వెళ్తున్నారు అన్నది రాయండి. మెట్ల పక్క కాలువలో పేరుకున్న చెత్తను చూస్తే బుట్ట ఎక్కడ ఆగిపోతోందో తెలుస్తుంది. వాన పడితే ఆ చెత్తే కింది గెడ్డకు అడ్డం పడుతుంది. కాబట్టి కొండ మీద సేకరణ లోపాన్ని పారిశుద్ధ్య విభాగం లెక్కలోనే కాదు, కాలువల లెక్కలో కూడా చూపించాలి.

బండి చెత్త దించే చోట కూడా నిలబడి చూడండి. ఇళ్లలో వేరు చేసి ఇచ్చిన తడి, పొడి చెత్త అక్కడ ఒకే తొట్టిలో పడితే ఇంటివాళ్లకు అవగాహన సదస్సులు పెట్టి ప్రయోజనం లేదు. కాపులుప్పాడ చెత్త యార్డు దాకా వెళ్లే తూకపు చీటీల మొత్తాన్ని బండ్ల ట్రిప్పులతో సరిచూడండి. రెండూ పొసగకపోతే ఎక్కడో ట్రిప్పులు ఎక్కువ రాస్తున్నారు, లేదా బండ్లు సగమే నిండుతున్నాయి.

వీధి దీపాల పని తేలిక. రాత్రి 7 నుంచి 9 లోపు నడుస్తూ స్తంభాలన్నీ లెక్కపెట్టండి, వెలిగేవి, వెలగనివి, చెట్టు కొమ్మ అడ్డొచ్చినవి. మర్నాడు పగలు 11 గంటలకు అదే దారిలో వెళ్లి వెలుగుతున్నవి రాయండి. హుద్‌హుద్ తుపాను తర్వాత నగరం ఎల్ఈడీ దీపాలకు మారింది. సముద్రపు ఉప్పుగాలి తగిలే బీచ్ వైపు వీధులను విడిగా లెక్కించండి, అక్కడ తుప్పు తొందరగా పడుతుంది.

గెడ్డల పూడికతీతకు ఫొటోలు సాక్ష్యం కావు, ఏ గెడ్డదో ఎవరికీ తెలియదు. ప్రతి 50 మీటర్లకు ఒక గుర్తు పెట్టి, కొలత కర్రతో లోతు పనికి ముందూ తర్వాతా రాయాలి. తీసిన పూడిక గట్టు మీదే ఉంటే పని జరిగినట్టు లెక్కగట్టకండి. మొదటి వానకు అది మళ్లీ లోపలికే జారుతుంది.

ఫిర్యాదుల లెక్క

ఫైలు రాగానే మొదట మళ్లీ మళ్లీ ఎక్కిన నకళ్లను తొలగించాలి. ఒకే వీధి నుంచి ఒకే రోజు పది మంది చేసిన ఫిర్యాదు ఒకే లోపం. కానీ అదే ఇంటి నుంచి నెలలో మూడోసారి వచ్చిన ఫిర్యాదును నకలు అని తొలగించకండి. మొదటి రెండుసార్లూ సమస్య తీరకుండానే మూసేశారనడానికి అదే గుర్తు. ఇలాంటివన్నీ విడిగా ఒక షీటులో పెట్టండి.

సగటు రోజులు చూసి మోసపోవద్దు. ఉదాహరణకు పది ఫిర్యాదులు 1, 1, 1, 2, 2, 2, 3, 3, 20, 25 రోజుల్లో తీరాయనుకోండి. సగటు 6 రోజులు. నిజానికి ఎవరికీ 6 రోజులు పట్టలేదు. వరుసలో పెట్టి నడిమి అంకె చూస్తే 2 రోజులు. ఎనిమిదింటికి మామూలు పని బాగానే జరిగింది, రెండింటిలో వేరే ఏదో అడ్డుపడింది. బల్బు మార్చడం లైన్‌మన్ చేతిలో పని. భూమిలో కేబుల్ కాలితే రోడ్డు తవ్వాలి, తవ్వడానికి వేరే విభాగం అనుమతి కావాలి. ఆ 20, 25 రోజుల కాగితాలను ఒక్కొక్కటే చేత పట్టుకుని ఏ బల్ల మీద ఎన్ని రోజులు ఉందో రాయండి. సంస్కరించాల్సింది అక్కడుంటుంది.

తర్వాత "పరిష్కరించాం" అని మూసిన వాటిలోంచి చీటీ తీసి 50 మందికి ఫోన్ చేయండి. పని నిజంగా జరిగిందా? మూసే ముందు ఎవరైనా మిమ్మల్ని అడిగారా? మళ్లీ అదే సమస్య వచ్చిందా? మధ్యాహ్నం ఫోన్ ఎత్తనివారికి సాయంత్రం మళ్లీ చేయాలి. ఫిర్యాదులు తక్కువ వచ్చిన వార్డును సేవ బాగున్న వార్డు అనుకోవడం పెద్ద పొరపాటు. చెప్పి చెప్పి విసిగిపోయిన చోటా, ఎలా చెప్పాలో తెలియని చోటా కూడా ఫిర్యాదులు తక్కువే ఉంటాయి. మీ 400 ఇళ్ల సర్వేలో "సమస్య ఉంది, ఫిర్యాదు చేయలేదు" అన్నవారి శాతం పక్కన పెట్టి చూస్తే ఏది ఏమిటో తేలుతుంది.

పనిచేసేవారితో

పారిశుద్ధ్య కార్మికులు, డ్రైవర్లు, వాల్వు ఆపరేటర్లు, ఫిట్టర్లు. వీరితో మాట్లాడకుండా రాసిన నివేదికలో "ఏమిటి" ఉంటుంది గానీ "ఎందుకు" ఉండదు. మేస్త్రీ, సూపర్‌వైజరు లేని చోట, పని ముగిశాక, ముగ్గురు నలుగురిని కలిపి కూర్చోబెట్టండి. పేర్లు రాయబోమని ముందే చెప్పి, రాయకండి. "ఏం ఇబ్బందులున్నాయి?" అంటే జీతం సంగతి వస్తుంది, అది రావాల్సిందే, వినాలి. తర్వాత పని వైపు తీసుకురండి. ఏ వీధి దగ్గర ఎక్కువ సేపు పడుతుంది? బండి చెడితే ఆ రోజు మీ ఇళ్లను ఎవరు చూస్తారు? చేతి తొడుగులు, బూట్లు ఆఖరుసారి ఎప్పుడిచ్చారు? సెలవు పెట్టిన మనిషి వాటా ఎవరి మీద పడుతుంది?

వాల్వు ఆపరేటర్ ఫలానా వీధికి పది నిమిషాలు తక్కువ ఇస్తున్నాడంటే సాధారణంగా కారణం ఉంటుంది. ఒక వాల్వు నుంచి ఇంకో వాల్వుకు చేరడానికి పట్టే సమయం పట్టికలో ఎవరూ లెక్కపెట్టి ఉండరు. మనిషిని తప్పుబట్టే ముందు అతనితో పాటు ఒక ఉదయం ఆ దారంతా తిరగండి.

ఖర్చు

అద్దె, డీజిల్, జీతాలు, మరమ్మతులు కలిపి ఇళ్ల సంఖ్యతో భాగించాలి. ఏ ఇళ్లతో అన్నదే కీలకం. ఉదాహరణకు బండికి నెలకు 60,000 రూపాయలవుతుంటే, అప్పగించిన 600 ఇళ్లతో భాగిస్తే ఇంటికి 100. వాస్తవంగా చెత్త ఇవ్వగలుగుతున్నది 450 ఇళ్లే అయితే 133. కొండవాలుకూ మైదానానికీ విడివిడిగా కట్టండి. మెట్ల మీద ఖర్చు ఎక్కువే అవుతుంది, అవ్వాలి కూడా. దాన్ని వృథా అని చూపించే పట్టిక తయారు చేయకండి.

ముసాయిదా నుంచి తీర్మానం దాకా

నివేదిక పైకి పంపే ముందు విభాగం వారికి అంకెలు చూపించి, ఐదు రోజులు గడువివ్వండి. వారు తప్పు చూపిస్తే దిద్దాలి. నచ్చలేదంటే మాత్రం వారి మాటను వారి పేరుతోనే పక్కన చేర్చి, అంకెను అలాగే ఉంచాలి. ఈ మెట్టు దాటేస్తే కమిషనర్ ముందు సమావేశమంతా అంకెల మీద గొడవతోనే పోతుంది.

నివేదిక పన్నెండు పేజీలు దాటకూడదు. మొదటి పేజీలో ప్రశ్న, జవాబు, మూడు నాలుగు సిఫార్సులు. "చర్యలు తీసుకోవాలి", "పర్యవేక్షణ పెంచాలి" అన్న వాక్యాలు కనబడితే కొట్టేయండి, వాటిని ఎవరూ అమలు చేయలేరు, చేయలేదనీ నిరూపించలేరు. ప్రతి సిఫార్సుకూ ఐదు గడులు నిండాలి: ఏం చేయాలి, ఏ హోదా వారు, ఏ తేదీకి, ఏ పద్దు నుంచి డబ్బు, అయిందని ఏ కొలతతో తెలుస్తుంది. "మెట్ల పై వరస 70 ఇళ్లకు ఇంకో ఇద్దరు కార్మికులు, జోనల్ కమిషనర్, జూలై 15, పారిశుద్ధ్య పద్దు, వారంలో 6 రోజులు చెత్త ఇచ్చిన ఇళ్లు 60కి చేరాలి." ఇలా. డబ్బు అక్కర్లేనివి, అంటే బండి వేళ మార్చడం, వాల్వుల వరస మార్చడం వంటివి, ముందు పెట్టండి. పరిపాలనా ఉత్తర్వుతో అయ్యేవాటిని స్థాయీ సంఘానికీ కౌన్సిల్‌కూ వెళ్లాల్సిన వాటితో కలపకండి. కలిపితే వారంలో అయ్యేది కూడా నెలలు ఆగుతుంది.

ఫలితాన్ని ఆ 80 వీధుల వారికీ చెప్పాలి. వార్డు సచివాలయం గోడ మీద ఒక్క కాగితం చాలు: ఏం కొలిచాం, ఎంత వచ్చింది, ఏ తేదీకి ఏం మారుతుంది. తలుపు తీసి జవాబు చెప్పినవారికి అది మన బాకీ. రెండోసారి వెళ్లినప్పుడు తలుపు తీస్తారా లేదా అన్నదీ దీని మీదే ఆధారపడి ఉంటుంది.

ఆ రెండో కొలత మూడు నెలల తర్వాత ఒకసారి, ఏడాది తర్వాత మరోసారి. సగం పాత వీధులు, సగం కొత్తవి తీసుకోండి. పాతవే చూస్తే ఆ వీధుల్లోనే మరమ్మతు చేసి ఊరుకుంటారు, కొత్తవే చూస్తే మార్పు వచ్చిందో లేదో పోల్చడానికి ఉండదు. నీళ్ల సంగతైతే వేసవి కొలతను వేసవితోనే పోల్చాలి. అదే కొళాయి, అదే బిందె, అదే వేళ.